ఒడి నింపని ఆదివారం

బెళుగుప్ప,
జూన్, రెండో శనివారం.

చంద్రికకు,

కోపంతో రాస్తున్నాను. చల్లారాక రాస్తే మొహమాటానికి పోయి అసలు మాట దాచేస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

మా నాగేశ్వర ఇవాళ కూడా బత్తలపల్లె క్రాసులో ఎండలో నిలబడి నిలబడి ఒట్టి చేతులతో తిరిగి వచ్చాడు. బండి ఆపి, ఇంట్లోకి రాకుండా నేరుగా గొర్రెల దొడ్డిలోకి పోయి కూర్చున్నాడు. శశి కోసం కొన్న కొత్త చెప్పులు బండి కవరులోనే ఉన్నాయి. అమ్మ ఓళిగలకు నానబెట్టిన శనగపప్పు నీళ్లలోనే ఉంది.

నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం, వాటి వెంట వచ్చే ఆదివారాలు పిల్ల తండ్రి దగ్గర. మిగతా రోజులు తల్లి దగ్గర. వేసవి సెలవులూ దసరా సెలవులూ చెరి సగం. విడాకుల నాడు అనంతపురం కోర్టులో మీరిద్దరూ తలాడించి సంతకం పెట్టిన మాట ఇది. ఇప్పుడు సగం సార్లు ఏదో ఒక సాకు. ఒకసారి జ్వరం అంటావు, ఒకసారి కడుపునొప్పి అంటావు. ఆ జ్వరానికి శుక్రవారం సాయంత్రం తప్ప వేరే రోజే దొరకదా?

నీకూ నా తమ్ముడికీ ఇప్పుడు ఏ సంబంధమూ లేదు. ఆ లెక్కన నువ్వు నాకు మరదలివీ కావు. కానీ శశికి నేను అత్తనే కదా. అంగన్‌వాడీలో ఊరి పిల్లలందరినీ ఎత్తుకుంటాను. నా తమ్ముడి బిడ్డను ఎత్తుకోవాలంటే మాత్రం క్యాలెండర్ చూసుకోవాలి, అప్పటికీ రాదు.

ఒక మాట ముందే చెబుతున్నాను. వాడు వకీలు దగ్గరికి పోయాడు. పిల్లను పూర్తిగా తనకే ఇమ్మని పిటిషన్ వేస్తున్నాడు. నేను ఆపలేదు.

ఫోను చేద్దామంటే, పోయినసారి ఫోనులో మనం అనుకున్న మాటలన్నీ కోర్టులో కాగితాలైపోయాయి. అందుకే ఉత్తరం. చదివి చించేసినా సరే, జవాబు మాత్రం రాయి.

గంగాదేవి


ధర్మవరం,
జూన్ నెలాఖరు.

గంగాదేవి గారికి,

మీ ఉత్తరం అందింది. అంతకుముందు శశి సంచిలో బట్టల అడుగున పెట్టి పంపిన చీటీ కూడా అందింది. అది చదవడం వచ్చిన పిల్ల అని మీరు మరిచిపోయినట్టున్నారు. "అమ్మా, అత్త నీ మీద అంత కోపంగా ఎందుకు రాసింది?" అని అడిగింది. పిల్లను తపాలా మనిషిని చేయకండి. నాకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఇలా పోస్టులో పంపండి.

శశిని నేను ఆపడం లేదు. శుక్రవారం బడి నుంచి రాగానే సంచి తనే సర్దుకుంటుంది. అన్నం ముందు కూర్చుంటుంది, రెండు ముద్దలు తినగానే కక్కేస్తుంది. డాక్టరుకు చూపించాను. స్కానింగు కూడా తీశారు. కడుపులో ఏమీ లేదన్నారు.

"ఆడ నిన్ను ఎవరన్నా కొట్టినారామ్మా?" అని మా నాయన గంగాధరప్ప అడిగాడు.

"లేదు తాతా."

"తిట్టినారా?"

"తిట్టరు. ఎవురూ ఏమీ అనరు" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

కక్కుకుని వాడిపోయిన పిల్లను బస్సెక్కించి, క్రాసులో నలుగురూ చూస్తుండగా సామాను అప్పగించినట్టు అప్పగించడానికి నాకు మనసు రాలేదు. నేను చేసిన తప్పు అంతే. అయినా మొన్నటి నాలుగో శనివారం పంపాను. జాగ్రత్తగా చూసుకున్నారనే అనుకుంటున్నాను.

మగ్గం వదల్లేక మొగుణ్ణి వదిలేసిందని మీ ఊళ్లో అంటారని నాకు తెలుసు. కరువు ఏళ్లలో మీ తమ్ముడు ధర్మవరం వచ్చి పట్టు అంగడిలో కూలికి చేరినప్పుడు మా ఇద్దరికీ అన్నం పెట్టింది ఆ మగ్గమే. మీ చేనిలో బోరు పడగానే ఆయనకు భూమి గుర్తొచ్చింది. నాకు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే తప్ప మనిషినన్న ధైర్యం రాదు. అందులో ఆయన తప్పు లేదు, నా తప్పూ లేదు. కలిసి ఉండలేకపోయాం. కానీ శశిని కూడా వదులుకోమంటే అది మాత్రం నా చేత కాదు.

మీ ఇంట్లో ఆ పిల్లకు ఏం జరుగుతోంది? అత్తగా చెప్పకపోతే అంగన్‌వాడీ టీచరుగానైనా చెప్పండి.

ఇట్లు,
చంద్రిక


బెళుగుప్ప,
జులై.

చంద్రికా,

'గారు' అట. 'మీరు' అట. నీ పెళ్లి నాడు మీ వాళ్లెవరూ రాకపోతే నీ తలలో పూలు పెట్టింది నేను. ఆ చేతులకు ఈ మర్యాద ఏమిటో!

మా ఇంట్లో ఏం జరుగుతోందని కదా అడిగావు, విను. శశి వస్తోందంటే మా అమ్మ ఆంజినమ్మ ముందురోజే ఇల్లంతా అలికి పెడుతుంది. పిల్లకు వేరే మంచం, దాని మీద పెట్టెలోని కొత్త దుప్పటి. శనివారం ఓళిగలు, ఆదివారం నాటుకోడి. మేం సంగటి తింటే దానికి వరి అన్నం. చీపురు ముట్టనివ్వం, నీళ్ల బిందె ఎత్తనివ్వం, తిన్న కంచం కూడా తియ్యనివ్వం. పిల్ల వచ్చినప్పుడల్లా నాగేశ్వర ఒక గౌను కొంటాడు. గట్టిగా మాట్లాడితే పిల్ల మళ్లీ రాదేమోనని మా వాడు ఎద్దుల మీద కూడా అరవడం మానేశాడు.

ఆదివారం పోయేటప్పుడు పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, మా అమ్మ దానికి ఒడి నింపుతుంది. బియ్యం, బెల్లం, ఎండు కొబ్బరి గిన్నెలు, గుడ్డ ముక్క. పెళ్లయిన ఆడబిడ్డలకు చేసేదే అనుకో, అయినా ముసలిదాని మనసు ఆగదు. అప్పటికి పక్కింటి గంగక్క కూడా వచ్చి నిలబడుతుంది. అందరం కళ్లు తుడుచుకుంటాం. ఏ ఇంట్లో ఏ పిల్లకు ఇంత జరుగుతుంది చెప్పు? నువ్వేమో ఏం చేస్తున్నారని అడుగుతావు!

నేనూ ఒకటి అడగాలి. ఒడి నింపి లేపగానే పిల్ల వాకిట్లోకి పోయి కక్కేస్తుంది. నిన్న ఆదివారం కూడా అంతే. తల్లి దగ్గరికి పోవాలంటే ఇంత భయమా, ఆడ ఏం పెడుతున్నారో ఏం చెబుతున్నారో అని మేం అనుకుంటున్నాం. వకీలు ఈ మాట కూడా పిటిషన్‌లో రాసుకున్నాడు.

గంగాదేవి


ధర్మవరం,
జులై నెలాఖరు.

వదినా,

నీ ఉత్తరం చదివి మగ్గం మీద నుంచి లేచి వచ్చేశాను. అక్కడ కూడా కక్కుతుందా? ఇన్ని నెలల్లో ఒక్కరూ ఒక్క మాట నాకు చెప్పలేదే! చెప్పే దారి మనమే మూసుకున్నాం కదా. ఇక్కడ కక్కితే మీ వల్ల అని నేను, అక్కడ కక్కితే నా వల్ల అని మీరు. పిల్ల మాత్రం రెండు చోట్లా కక్కుతూనే ఉంది.

పిటిషన్ నోటీసు వచ్చింది. మా వకీలు చదివి వినిపించాడు. 'మైనరు బాలిక చేత మగ్గానికి దారం కండెలు చుట్టించి వెట్టిచాకిరీ చేయిస్తున్నారు' అని రాశారు. శశి నాలుగో ఏట నుంచే మా నాయన పక్కన రాట్నం ముందు కూర్చునేది. అది తిప్పకపోతే దానికి పొద్దు పోయేది కాదు. దారం తెగితే "తాతా, ఇది నా మాట వినదు" అని రాట్నాన్ని తిట్టేది. విడిపోయినప్పుడే మా వకీలు చెప్పాడు, పిల్ల పనిచేస్తూ కనబడకూడదని. అప్పటి నుంచి రాట్నం అటక ఎక్కింది. దానికి టీవీ పెట్టిచ్చాం.

ఇక్కడి సంగతి కూడా రాస్తున్నాను, నవ్వకు. మీ ఇంటి నుంచి వచ్చిన ఆదివారం మా అమ్మ ఓబులమ్మ వాకిట్లోనే ఆపి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి దిష్టి తీస్తుంది. ఆ రోజు దానికి ఇష్టమైనవే వండుతుంది. ఎవరూ ఒక్క మాట అనరు. ఒకసారి గ్లాసు పగలగొట్టి మా వైపు చూసింది. "పోనీలే తల్లీ" అన్నాం అందరం. దాని మొహం చిన్నబోయింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మీవైపు తప్పు వెతకడం ఈ ఉత్తరంతో మానేస్తున్నాను. నువ్వూ మానెయ్. ఇద్దరం పిల్ల వైపు చూద్దాం. జడ్జి నవంబరులో శశిని పిలిచి మాట్లాడతారట. నాకు నిద్ర పట్టడం లేదు వదినా. 'ఎవరు కావాలి?' అని అడిగితే ఆ పిల్ల ఏం చెబుతుంది? ఏం చెప్పినా ఒకరిని కోసేసినట్టే కదా.

చంద్రిక


బెళుగుప్ప,
సెప్టెంబరు.

చంద్రికా,

కూర్చుని తీరిగ్గా చదువు. తెలిసింది నాకు.

వానలు పడ్డాయి. చెనిక్కాయ కలుపుకు అందరం చేలోనే ఉన్నాం. రెండో శనివారం నాగేశ్వర శశిని తెచ్చి దించేసరికి ఇంట్లో మా అమ్మ ఒక్కతే ఉంది. గంగక్క వాకిట్లోంచే "ఏం శశమ్మా, చుట్టంగా వచ్చినావా?" అని పలకరించిందట. మామూలు మాటే. నేనైనా అదే అని ఉంటాను.

సాయంత్రం నేను వచ్చేసరికి పిల్ల ఇంట్లో లేదు. వెతికితే దొడ్డిలో ఉంది. కొత్త గౌను మోకాళ్ల పైకి దోపుకుని, తన కంటే పొడుగున్న చీపురుతో గొర్రెల పెంటికలు ఊడుస్తోంది. మొహం నిండా దుమ్ము. అంత సంతోషంగా ఈ మధ్య దాన్ని చూడలేదు. ఇంతలో మా అమ్మ వచ్చింది.

"అయ్యో బిడ్డా, కొత్త గౌను! నీకెందుకు తల్లీ ఈ పని? రెండు దినాలుండి పోయేదానివి" అని చీపురు లాక్కుంది.

శశి అరిచింది చూడు. ఆ గొంతులో అంత అరుపు ఉందని నాకు తెలియదు.

"ఈడా పోయేదానివే అంటారు, ఆడా పోయేదానివే అంటారు. ఓబులవ్వ కూడా అట్లే అంటాది. ఈడ ఏమీ చెయ్యొద్దంట, ఆడా చెయ్యొద్దంట. మరి నేను యాడ ఉండేదాన్ని అత్తా?"

దొడ్డిలోనే కూలబడి దాన్ని ఒళ్లోకి లాక్కుని ఏడ్చాను. అంగన్‌వాడీలో పిల్లల బరువూ ఎత్తూ కొలిచి చార్టు మీద చుక్కలు పెట్టేదాన్ని. నా ఇంటి పిల్లకు ఏం తక్కువైందో చూడలేకపోయాను.

నా పెళ్లి గుర్తొచ్చింది. నన్నిచ్చింది పక్క వీధికే, పూట పూటా పుట్టింటికి వస్తూనే ఉంటాను. అయినా అమ్మ ఒడి నింపి గడప దాటించినప్పుడు, ఆ కొంగులోని బియ్యం బరువుకు ఇక ఈ ఇల్లు నాది కాదని తెలిసిపోయింది. ఒక్కసారికే నాకు అట్లా అయింది. ఈ పసిదానికి పదిహేను రోజులకోసారి ఒడి నింపి సాగనంపుతున్నాం! ఏ ఇంట్లోనూ పిల్లకు జరగని మర్యాద అని నీకు గొప్పగా రాశాను చూడు, నిజంగానే ఏ పిల్లకూ జరగకూడదది. వేరే మంచం, వేరే అన్నం, కొత్త దుప్పటి. చుట్టాలకు చేసేవన్నీ చేశాం. తిట్టడానికి కూడా పనికిరాని పరాయిదాన్ని చేశాం.

అక్కడ మీరు దిష్టి తీయడమూ ఇంతే. ఏదో చెడ్డచోటు నుంచి వచ్చినట్టు కడిగి లోపలికి తీసుకుంటున్నారు. నొచ్చుకోకు, ఉన్న మాట రాశాను.

గంగాదేవి


ధర్మవరం,
సెప్టెంబరు నెలాఖరు.

వదినా,

నొచ్చుకున్నాను. ఒక పూటంతా నొచ్చుకుని, తరువాత లేచి అటక మీద నుంచి రాట్నం దించాను.

మా అమ్మతో చెప్పాను, ఇక దిష్టి తీయొద్దని. "బిడ్డ దూరం నుంచి వస్తాంటే తియ్యకుండా ఎట్లుంటారే?" అని గొణిగింది. "అది దాని నాయన ఇంటి నుంచి వస్తాందమ్మా, శ్మశానం నుంచి కాదు" అన్నాను. మా నాయన మగ్గం ఆపి నా వైపు చూశాడు. "ఈ మాట ముందే అనాల్సింది" అన్నాడు.

శశి బడి నుంచి వచ్చి రాట్నం చూసింది. నన్ను చూసింది. "ఇది నేను తిప్పొచ్చా? వకీలు సారు ఏమన్నా అంటాడేమో" అంది. వదినా, తొమ్మిదేళ్ల పిల్ల తన ఇంట్లో తన రాట్నం ముట్టుకోవడానికి వకీలును తలుచుకుంది. నాకు సిగ్గేసింది. "బడి పాఠాలు అయినాక తిప్పు, దారం తెంపితే మాత్రం తాత తిడతాడు" అన్నాను. కూర్చుంది. తెంపింది. మా నాయన నిజంగానే తిట్టాడు. ఎన్నాళ్లకో మా ఇంట్లో ఒక తిట్టు వినబడింది. ప్రాణం లేచి వచ్చింది.

ఇప్పుడొక పెద్ద మాట. కండెలు చుట్టిస్తున్నామని మీ పిటిషన్‌లో ఉంది. చుట్టిస్తున్నానని నా చేత్తో నేనే నీకు రాసి ఇస్తున్నాను. ఈ ఉత్తరం మీ వకీలు చేతిలో పడితే శశి నాకు దక్కకపోవచ్చు. తెలిసే రాస్తున్నాను. నిన్ను నమ్మకుండా ఆ పిల్లను నిలబెట్టలేను.

నాకొక సాయం చెయ్. నా మాట మీ తమ్ముడు వినడు, నీ మాట వింటాడు. శశికి మీ ఇంట్లో ఒక పని కావాలి. తప్పు చేస్తే తిట్లు కావాలి. గౌన్లు వద్దు. ఒడి బియ్యం అసలే వద్దు.

చంద్రిక


బెళుగుప్ప,
అక్టోబరు.

చంద్రికా,

నీ ఉత్తరం అంగన్‌వాడీ బీరువాలో కోడిగుడ్ల అట్టల కింద ఉంది. అక్కడికి ఏ వకీలూ రాడు.

మా వాడికి చెప్పాను. నువ్వు రాసింది కాదు, దొడ్డిలో శశి అరిచిన మాట. అరిచినట్టే అరిచి చెప్పాను. చాలాసేపు గొర్రె చెవి నిమురుతూ కూర్చున్నాడు.

"తిడితే రాకుండా పోతాదేమోనని భయపడితిని కదక్కా" అన్నాడు.

"తిట్టకనే రాకుండా పోతాంది రా" అన్నాను.

మా అమ్మతోనే పెద్ద తగువు. ఒడి నింపకుండా ఆడపిల్లను పంపితే ఇంటికి మంచిది కాదట. "ఇంటి సంగతి తరువాతమ్మా, పిల్లకు మంచిది కాదు" అంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కొత్త దుప్పటి మాత్రం మళ్లీ పెట్టెలో పెట్టింది.

దసరా సెలవుల్లో శశి రాగానే నాగేశ్వర ఒక ఆడ గొర్రెపిల్లను దాని చేతికిచ్చాడు. "ఇది నీది. నీళ్లు, మేత, దొడ్డి తడిక కట్టేది అంతా నీ జవాబుదారీ" అన్నాడు. దానికి బొమ్మి అని పేరు పెట్టింది. ఎక్కడికి పోయినా చంకన బొమ్మి ఉండాల్సిందే.

మూడో నాడు ఏమైందనుకున్నావు? తడిక కట్టడం మరిచిపోయింది. మంద మొత్తం గంగక్క చేలో పడి చెనిక్కాయ మేసేసింది. గంగక్క వీధి దద్దరిల్లేటట్టు అరుస్తూ వచ్చింది. నాగేశ్వర శశిని పిలిచి, ఎద్దుల మీద అరిచే పాత గొంతుతో అరిచాడు.

"కండ్లు యాడ పెట్టుకున్యావు? తడిక కట్టమంటే బొమ్మిని ఎత్తుకుని ఊరేగుతాండావా? పో, గంగక్క చేలోకి పోయి గొర్రెలు తోలుకుని రా. ఆయమ్మకు నువ్వే చెప్పుకో."

మా అమ్మ అడ్డం పోబోతే చెయ్యి పట్టి ఆపాను. పిల్ల ఏడ్చింది. ఏడుస్తూనే పోయింది. గొర్రెలను తోలుకొచ్చింది, గంగక్కకు చెప్పుకుంది. తిరిగి వచ్చి మాతో పాటు నేల మీద కూర్చుని రెండు ముద్దల సంగటి తిని, నాగేశ్వర పక్కనే గొంగడి మీద పడి నిద్రపోయింది.

పోయే రోజు కక్కలేదు చంద్రికా. బండి ఎక్కేదాకా చూశాను. కక్కలేదు.

ఒక్కటే చిక్కు. పిటిషన్ తీసేయమంటే మా వాడు వినడం లేదు. "కోర్టుకు పోయి ఎనక్కి వస్తే ఊర్లో తలెట్ల ఎత్తుకోవాల?" అంటాడు. వాడి తలకాయ సంగతి నాకు తెలుసు. నవంబరు దాకా ఓపిక పట్టు.

గంగాదేవి


ధర్మవరం,
నవంబరు.

వదినా,

అంగన్‌వాడీకి సెలవు దొరక్క నువ్వు రాలేకపోయావని మీ తమ్ముడు చెప్పాడు. మీ తమ్ముడే చెప్పాడు! ఎంతకాలానికి మేమిద్దరం వకీళ్లు లేకుండా ఒక మాట మాట్లాడుకున్నామో. అయినదంతా రాస్తున్నాను, కళ్ల ముందు చూసినట్టు చదువుకో.

పొద్దున కోర్టు వరండాలో శశి మా ఇద్దరి మధ్య బెంచీ మీద కూర్చుంది. జడ్జి మేడమ్ పిల్లను ఒక్కదాన్నే తన గదిలోకి పిలిపించారు. తలుపు మూసుకుంది. మీ తమ్ముడు లేచి అటూ ఇటూ తిరిగాడు. నేను తలుపు వంకే చూస్తూ కూర్చున్నాను. లోపల నా బిడ్డ ఎవరినో ఒకరిని వదులుకుంటోందని, అది నన్నే అయినా తట్టుకోవాలని నాకు నేను చెప్పుకున్నాను.

చాలాసేపటికి మమ్మల్ని లోపలికి పిలిచారు. మేడమ్ మొహంలో నవ్వు ఉంది. శశి ఆమె ఎదురుగా కుర్చీలో కాళ్లు ఊపుతూ కూర్చుని ఉంది.

"మీ అమ్మాయిని ఎవరి దగ్గర ఉంటావని అడిగాను. నాకు చెప్పింది మీ ముందు కూడా చెబుతానంటోంది" అన్నారు మేడమ్.

శశి మా వైపు తిరగనే లేదు. మేడమ్‌కే చెప్పింది. "నేను ఆడ లేకుంటే బొమ్మికి నీళ్లు పెట్టేది నాయన. ఈడ లేకుంటే కండెలు చుట్టేది తాత. ఇద్దురికీ సరిగ్గా చెయ్యను రాదు మేడమ్. రెండు తావులా నేనే ఉండాల."

వకీళ్లు కూడా నవ్వారు. తరువాత మేడమ్ కాగితాలు తిప్పి, "మరి ఈ పిటిషన్‌లో పిల్ల చేత కండెలు చుట్టిస్తున్నారని ఉంది" అని నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపలే మీ తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"అది కొట్టేయండి మేడమ్. మా ఇంట్లో పెంటికలు ఊడుస్తాంది. ఇంటి పిల్ల చేసే పనే అది. పిటిషనే వద్దు మేడమ్, ఎనక్కి తీసుకుంటా."

ఆయన వకీలు చొక్కా పట్టి లాగుతున్నా కూర్చోలేదు. వదినా, ఆ మనిషిని నేను ఎందుకు ప్రేమించానో చాన్నాళ్ల తరువాత గుర్తొచ్చింది. మళ్లీ కాపురానికి పనికొచ్చే గుర్తు కాదులే. కానీ నా కూతురికి మంచి నాయన ఉన్నాడని ఆ క్షణం గర్వపడ్డాను.

కొత్త ఏర్పాటు మేమే చెప్పుకున్నాం, మేడమ్ రాయించారు. బడి ధర్మవరంలోనే, బడి రోజులన్నీ నా దగ్గరే. రెండు, నాలుగు శనివారాలకు ముందు శుక్రవారం బడి వదలగానే ఆయనే మా వాకిలి దాకా వచ్చి తీసుకుపోతాడు, ఆదివారం మళ్లీ మా వాకిట్లోనే దించుతాడు. బత్తలపల్లె క్రాసులో చేతులు మార్చడం ఇక లేదు. వేసవి సెలవులు ఎక్కువ భాగం బెళుగుప్పలోనే. అమావాస్యకు ఎలాగూ మా మగ్గాలకు సెలవు కదా, ఆ రోజు నేనే వచ్చి చూసిపోతాను. బడి మార్చాలన్నా, పెద్ద వైద్యం చేయించాలన్నా ఇద్దరం కలిసి మాట్లాడుకోవాలి. తేదీ మారితే ఒకరికొకరం ఫోను చేసుకోవాలి, పిల్లతో కబురు పంపకూడదు. ఈ చివరి మాట నేను పట్టుబట్టి రాయించాను. ఎందుకో నీకు తెలుసు.

బయటికి వచ్చాక ముగ్గురం హోటల్లో దోసెలు తిన్నాం. శశి రెండు తిని, నా దాంట్లో సగం లాక్కుంది. మీ తమ్ముడు, నేను దాని కంచం వైపే చూస్తూ కూర్చున్నాం. అంతా తింది. ఏమీ కాలేదు.

గెలిచాం వదినా. ఎవరి మీద అని అడగకు.

చంద్రిక


బెళుగుప్ప,
డిసెంబరు.

చంద్రికా,

నీ ఉత్తరం మా అమ్మకు చదివి వినిపించాను. పెంటికల మాట దగ్గర 'కోర్టులో చెప్పే మాటేనా అది' అని నాగేశ్వరను తిట్టింది, దోసెల దగ్గర కళ్లు తుడుచుకుంది. నీ పాత ఉత్తరం గుడ్ల అట్టల కింది నుంచి బయటికి తీశాను. ఇక దాచాల్సిన పని లేదు.

శశి పోయిన శుక్రవారం వాళ్ల నాయన బండి వెనక కూర్చుని వచ్చింది. వేసుకున్నది పాత గౌనే, పక్కన కుట్టు ఊడి ఉంది. దిగీ దిగగానే సంచి అరుగు మీదకు విసిరి దొడ్డిలోకి పరిగెత్తింది. కాళ్లు కడుక్కోకుండా ఇంట్లోకి వచ్చినందుకు మా అమ్మ చేత తిట్లు తింది. నా చేత కూడా తింది. దాని వేరే మంచం గంగక్క అడిగి తీసుకుపోయింది, మళ్లీ తేలేదు, మేం అడగలేదు.

ఆదివారం బయలుదేరేటప్పుడు చూస్తే మా అమ్మ పీట వేసి, చేటలో బియ్యమూ బెల్లమూ కొబ్బరి గిన్నెలూ సర్దుకుని కూర్చుంది. ఎవరికీ చెప్పకుండా! నేను అరవబోయాను. అంతలో శశి బండి ఎక్కి కూర్చుని, ఆ చేటను చూడను కూడా చూడలేదు.

"అవ్వా, పొద్దున్నే బొమ్మికి నీళ్లు పెట్టు. నిన్నటి నీళ్లు పెడితే తాగదు. తడిక తాడు రెండు ముళ్లు వెయ్యి, నువ్వు ఒక ముడే వేస్తావు. శుక్రవారం వచ్చి చూస్తా" అంది.

"ఇంక పదిహైదు దినాలకు కదనే?" అంది అమ్మ.

"అదే, వస్తా కదా. మర్చిపోతే చూడు, ముందే చెప్తాండా."

బండి కదిలింది. వెనక్కి తిరిగి చెయ్యి కూడా ఊపలేదు. వాళ్ల నాయన చెవిలో ఏదో చెబుతూనే పోయింది.

మా అమ్మ చేట ఒళ్లో పెట్టుకుని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. "ఎంత పొగరు చూడే దానికి! నా ఇంట్లో నాకే పని చెప్తాంది" అంది. అంటూ అంటూ నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. గంగక్క ఎప్పటిలాగే కొంగు సిద్ధం చేసుకుని వచ్చి, మా ఇద్దరినీ చూసి ఏమైందో అర్థం కాక నిలబడిపోయింది.

ఆ రోజు మా వాకిట్లో ఎవరూ ఏడవలేదు. చేటలో బియ్యం మళ్లీ కుండలో పోశాం. బెల్లమూ కొబ్బరీ ముగ్గురం ఆడవాళ్లం అరుగు మీద కూర్చుని తినేశాం.

అమావాస్యకు రా. వచ్చేటప్పుడు ఏమీ తేకు. కట్టుకుపోవడానికి కూడా ఏమీ పెట్టను.

నీ వదిన,
గంగాదేవి